వారానికో ఫోన్ సరిపోతదా?

మా ఇంట్లో ఒక గోడ గడియారం ఉంది. కీ ఇచ్చే రకం, తాత కొన్నది. దానికి మొదటి నుంచీ ఒకటే జబ్బు. రోజుకు ఎనిమిది నిమిషాలు వెనకబడుతుంది. రిపేరు చేయించమని నాయినమ్మ ఎన్నిసార్లు పోరినా బాపు పట్టించుకోలేదు. పట్టించుకోవాల్సిన అవసరం కూడా రాలేదు.

ఎందుకంటే మా ఊరికి నాలుగు కిలోమీటర్ల దూరంలో బోధన్ శక్కర్‌నగర్ చక్కెర ఫ్యాక్టరీ. షిఫ్టు మారినప్పుడల్లా సైరన్ మోగేది. రోజుకు మూడు షిఫ్టులు, మూడు సైరన్లు. సైరన్ వినబడగానే నాయినమ్మ వాకిట్లో నుంచే కేకేసేది, "గడియారం చూడుర్రి!" అని. ఎవరు దగ్గరుంటే వాళ్లు స్టూలెక్కి ముల్లును ముందుకు జరిపేవాళ్లం. ఎనిమిది గంటల్లో ఆ గడియారం తప్పేది మూడు నిమిషాలకు లోపే కదా, అది పెరిగి పెద్దదయ్యేలోపు మళ్లీ సైరన్ వచ్చేది. చెడిపోయిన గడియారంతోనే మేము బస్సులు అందుకున్నాం, బడికి టైముకు పోయాం.

1937లో నిజాం హయాంలో మొదలైన ఫ్యాక్టరీ అది. ఒకప్పుడు ఆసియాలోనే పెద్ద చక్కెర ఫ్యాక్టరీగా పేరు. 2015 డిసెంబరులో మూతపడింది. అప్పుడు నేను ఇంజనీరింగ్ ఫస్టియర్. ఊళ్లో అందరూ చెరుకు గురించి, జీతాల గురించి మాట్లాడుకుంటున్నారు. గడియారం సంగతి ఎవరికి గుర్తుంటుంది? వారం తిరిగేసరికి అది దాదాపు గంట వెనకబడింది. దాన్ని నమ్ముకుని తయారైన అమ్మకు నిజామాబాద్ బస్సు తప్పిపోయింది. గడియారం ఎప్పటిలాగే నడిచింది. మారిందల్లా సైరన్ లేకపోవడమే.

ఈ పాత గడియారం గోల ఇప్పుడెందుకంటే, మూడేళ్ల తర్వాత నా బీటెక్ ప్రాజెక్టు సరిగ్గా దాని మీదనే వచ్చింది. పేరు మాత్రం వేరు: "ఇంపల్సివ్ కంట్రోల్ పద్ధతిలో మెమ్‌రిస్టర్ న్యూరల్ నెట్‌వర్కుల సింక్రనైజేషన్." ప్లీజ్, ఇక్కడి నుంచి స్క్రోల్ చేసి వెళ్లిపోకండి. మా బాపుకు అర్థమైంది, మీకు అర్థం కాదా?

ఎవరికీ వద్దన్న టాపిక్

మా కాలేజీ నిజామాబాద్ టౌన్ బయట ఉంటుంది. రోజూ బోధన్ నుంచి ఎడపల్లి, జానకంపేట మీదుగా బస్సులో పోయి వచ్చేవాణ్ని. ఫైనలియర్‌లో ప్రాజెక్టులు పంచేరోజు బస్సు లేటయింది. నేను వెళ్లేసరికి ముఖం చూసి అటెండెన్స్ వేసే సిస్టమ్, లైన్ చూసి నడిచే రోబో లాంటివన్నీ అయిపోయాయి. మిగిలింది ఇదొక్కటే. మా గైడ్ సార్ నవ్వి, "లేటుగా వచ్చినవాళ్లకు మంచి టాపిక్ దొరుకుతుంది" అన్నారు. ఆ రోజు అది వెక్కిరింపు అనుకున్నాను.

ముందు మెమ్‌రిస్టర్ అంటే ఏంటో చూద్దాం. కరెంటు సర్క్యూట్లలో మనం చదువుకున్న మూల భాగాలు మూడు: రెసిస్టర్, కెపాసిటర్, ఇండక్టర్. 1971లో లియాన్ చువా అనే ప్రొఫెసర్ కాగితం మీద లెక్కలు వేసి, ఇంకొకటి ఉండాలి కదా అన్నారు. వోల్టేజీ, కరెంటు, చార్జి, ఫ్లక్స్ అనే నాలుగింటిని జతలు జతలుగా కలిపి చూస్తే, చార్జికి ఫ్లక్స్‌కు మధ్య సంబంధం చెప్పే భాగం ఒక్కటే కనబడట్లేదు. దానికి ఆయన పెట్టిన పేరు మెమ్‌రిస్టర్, అంటే జ్ఞాపకం ఉన్న రెసిస్టర్. దాన్ని తయారుచేసి చూపించామని హెచ్‌పీ ల్యాబ్స్‌లో స్టాన్లీ విలియమ్స్ బృందం ప్రకటించింది 2008లో. టైటానియం డయాక్సైడ్ పలుచటి పొరతో చేశారు. మధ్యలో 37 ఏళ్లు గడిచాయి.

జ్ఞాపకం అంటే ఏమిటి? పొలంలో పిల్లకాలువను ఊహించుకోండి. ఒకవైపు నీళ్లు పారేకొద్దీ అది కోసుకుని వెడల్పవుతుందనుకుందాం. ఎదురు వైపు పారిస్తే ఒండ్రు పేరుకుని ఇరుకవుతుందనుకుందాం. నీళ్లు బంద్ చేస్తే? ఎంత వెడల్పు దగ్గర ఆగిందో అంతే ఉండిపోతుంది. మళ్లీ నీళ్లు వదిలినప్పుడు, ఇదివరకు ఎంత పారిందనేదాన్ని బట్టి ఇప్పుడు ఎంత పారాలో నిర్ణయమవుతుంది. మెమ్‌రిస్టర్ కూడా అంతే. తన గుండా గతంలో పోయిన కరెంటును బట్టి దాని నిరోధం మారుతుంది. పవర్ తీసేసినా ఆ విలువ నిలుస్తుంది.

మెదడులో రెండు నరాల కణాల మధ్య అతుకు కూడా వాడకాన్ని బట్టే బలపడుతుంది, బలహీనపడుతుంది. అందుకే న్యూరల్ నెట్‌వర్కుల వాళ్లకు మెమ్‌రిస్టర్ అంటే అంత ఇష్టం. మామూలు కంప్యూటర్‌లో జ్ఞాపకం ఒకచోట, లెక్క ఇంకోచోట. డేటా అటూ ఇటూ తిరగడానికే బోలెడు కరెంటు అవుతుంది. జ్ఞాపకం ఉన్నచోటే లెక్క కూడా జరిగితే ఆ తిరుగుడు తగ్గుతుందని ఆశ.

ఇక సింక్రనైజేషన్. ఒకే రకం నెట్‌వర్కులు రెండు తీసుకుని, ఒకదాన్ని రవ్వంత తేడాతో మొదలుపెట్టామనుకోండి. సున్నా పాయింట్ సున్నా సున్నా ఒకటి అంత తేడా. కాసేపు రెండూ కలిసే నడుస్తాయి. తర్వాత దేని దారి దానిది. దీన్నే కేయాస్ అంటారు. అలాంటివాటిని కూడా కలిపి నడిపించొచ్చని 1990లో అమెరికాలో పెకోరా, కారల్ అనే ఇద్దరు చూపించారు. అప్పటి నుంచి రహస్య సందేశాలు పంపడం లాంటి పనులకు దీన్ని వాడొచ్చని బోలెడు పరిశోధన జరిగింది. ముందు నడిచేదాన్ని డ్రైవ్ అంటారు, దాని వెంట నడవాల్సినదాన్ని రెస్పాన్స్ అంటారు.

రెస్పాన్స్‌ను డ్రైవ్ వెంట నడిపించాలంటే నిమిషం వదలకుండా పట్టుకుని ఉండాలా? అవసరం లేదు. అప్పుడప్పుడు, ఒక్క క్షణం, తేడా ఎంతుందో కొలిచి దానికి తగ్గట్టు ఒక తోపు తోస్తే చాలు. తోపుకు తోపుకు మధ్య దాని మానాన దాన్ని వదిలెయ్యొచ్చు. ఇదే ఇంపల్సివ్ కంట్రోల్. మా ఇంటి గడియారానికి సైరన్ చేసింది ఇదే.

ఇందులో నాకు నచ్చిన విషయం ఇంకొకటి. ఈ పద్ధతికి పునాది లాంటి గణితం ఎక్కడిదని వెతుకుతుంటే 1989లో వచ్చిన ఒక పుస్తకం పేరు పదే పదే కనబడింది, "థియరీ ఆఫ్ ఇంపల్సివ్ డిఫరెన్షియల్ ఈక్వేషన్స్". రాసిన ముగ్గురిలో మొదటి పేరు వి. లక్ష్మీకాంతం. ఆయన పీహెచ్‌డీ చేసింది 1957లో, మన ఉస్మానియాలో! తర్వాత అమెరికాలో టెక్సాస్, ఫ్లోరిడా యూనివర్సిటీల్లో పనిచేశారు. ఇంకో ఎనిమిదేళ్లకు, 1997లో, ఈ ఇంపల్స్ పద్ధతితో కేయాస్ సర్క్యూట్లను సింక్ చేయడం మీద పేపర్ రాసినవాళ్లలో ఒకరు లియాన్ చువా. మెమ్‌రిస్టర్‌ను ఊహించిన అదే చువా. జానకంపేట దాటుతున్న బస్సులో, ఫోన్‌లో ఇవన్నీ చదువుతుంటే, నా టాపిక్ మీద మొదటిసారి కొంచెం గర్వం వేసింది.

గడువు ఎవరు పెడతారు?

నా కోడ్‌లో మొదట పెట్టుకున్న చిన్న లెక్క చెప్తాను. చాలా సులువు. మొత్తం కథంతా దీంట్లోనే ఉంది.

వదిలేస్తే తేడా సెకనుకు రెట్టింపు అవుతుందనుకుందాం. ఒక్కో ఇంపల్స్ ఆ తేడాను నాలుగో వంతుకు తగ్గిస్తుందనుకుందాం. సెకనుకోసారి ఇంపల్స్ ఇస్తే? తేడా రెండింతలై, అందులో నాలుగో వంతు మిగులుతుంది. అంటే సగమైంది. అలా ప్రతిసారీ సగమవుతూ పోతుంది. రెండు సెకన్లకోసారి ఇస్తే? నాలుగింతలై, మళ్లీ నాలుగో వంతు. ఎక్కడున్నది అక్కడే. మూడు సెకన్లకోసారి ఇస్తే? ఎనిమిదింతలై, రెండింతలు మిగులుతుంది. ఇంపల్స్‌లు ఇస్తూనే ఉన్నాం, తేడా పెరుగుతూనే ఉంది!

ఒక రాత్రి ఇదంతా ఇంట్లో ల్యాప్‌టాప్ ముందు కూర్చుని చేస్తుంటే బాపు పక్కన మంచం మీద కూర్చుని చూస్తున్నాడు. "ఏం చేస్తున్నవ్ బిడ్డా?" అన్నాడు. గడియారం, సైరన్ కథ చెప్పి, ఈ లెక్క చెప్పాను. ఆయన చదివింది ఏడో తరగతి. కాసేపు ఆలోచించి అన్నాడు, "గిదంతా చెరుకుకు తడి పెట్టినట్టే కద."

మా వైపు చెరుకు పెరిగింది నిజాంసాగర్ నీళ్లతో. మంజీర మీద 1923లో మొదలుపెట్టి 1931లో పూర్తి చేసిన ప్రాజెక్టు. కాలువ నీళ్లు అన్ని పొలాలకూ అన్ని రోజులూ రావు. వంతులవారీగా వదులుతారు. మన వంతు వచ్చినప్పుడు తడుపుకోవాలి, మళ్లీ వంతు దాకా నేల పదును కాపాడుకోవాలి.

"రోజూ పారిచ్చేది ఉండదు. పారిచ్చినా పంటకు మంచిది కాదు. గని తడికీ తడికీ మధ్య ఎన్ని రోజులంటవ్? వానకాలమైతే ఆగొచ్చు. ఎండకాలమైతే వారం దాటితే ఆకు చుట్టుకపోతది. గడువు మనం పెట్టేది కాదు బిడ్డా, ఎండ పెడ్తది."

నేను ల్యాప్‌టాప్ మీద నుంచి చేతులు తీసేశాను. నెల రోజులుగా పేపర్లలో గ్రీకు అక్షరాలతో కుస్తీ పడుతున్న షరతును ఆయన ఒక్క మాటలో చెప్పేశాడు. ఇంపల్స్‌ల మధ్య ఎంత ఎడం ఉండొచ్చనేది మన తీరికను బట్టి ఉండదు. తేడా ఎంత వేగంగా పెరుగుతుందో దాన్ని బట్టి ఉంటుంది.

సున్నాకు రాని గీత

వైవా ముందు రోజు ఒక సమస్య వచ్చింది. నా గ్రాఫ్‌లో తేడా గీత బాగానే దిగుతోంది, కానీ సున్నా దాకా రావట్లేదు. కింద ఒక పట్టీలో అటూ ఇటూ ఆడుతోంది. ఇంపల్స్‌ల ఎడం తగ్గిస్తే పట్టీ సన్నబడుతోంది. అంతే, పోవడం మాత్రం లేదు. కోడ్‌లో తప్పుందని రాత్రంతా వెతికాను. పొద్దున బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ సరిగ్గా అక్కడే వేలు పెట్టారు, "ఇది జీరోకు ఎందుకు రాలేదు?" నేను తల దించుకుని, "బగ్ ఉన్నట్టుంది సార్" అన్నాను.

బయటికొచ్చాక గైడ్ సార్ చెప్పారు, "అది బగ్ కాదురా. మెమ్‌రిస్టర్ కదా, దాని జ్ఞాపకం అది."

విషయం ఏంటంటే, మా మోడల్‌లో మెమ్‌రిస్టర్ నెట్‌వర్కుల అతుకుల బలం, నెట్‌వర్క్ ఏ స్థితిలో ఉందనేదాన్ని బట్టి ఒక విలువ నుంచి ఇంకో విలువకు మారుతుంటుంది. డ్రైవ్ ఒక గడప దాటి తన రూలు మార్చుకున్న క్షణానికి రెస్పాన్స్ ఇంకా గడపకు ఇవతలే ఉండొచ్చు. అప్పుడు రెండూ ఒకే రకంవే అయినా, ఆ కాసేపు వేర్వేరు రూల్స్ మీద నడుస్తున్నట్టే. ఇంపల్స్ స్థితిని సరిచేస్తుంది కానీ, ఆ రూలు తేడాను తుడిచెయ్యలేదు. సున్నాకే తేవాలంటే అదనంగా ఇంకో రకం కంట్రోల్ కలపాలి. ఇంపల్స్‌లు మాత్రమే ఉంటే, చాలాసార్లు తేడా ఒక హద్దులోపల ఉండిపోతుంది. దాన్ని క్వాజీ సింక్రనైజేషన్ అంటారు. అది ఫెయిల్యూర్ కాదు, హద్దు ఎంత అనేది ముందే లెక్కగట్టి చెప్పగలిగితే అదే ఫలితం.

అప్పుడు నాకు మార్కుల బాధ. ఆ మాట చెవికెక్కలేదు.

ఎకరం, వేలు

2019లో హైదరాబాద్‌లో ఉద్యోగం వచ్చింది. మొదట్లో రోజు విడిచి రోజు ఫోన్ చేసేవాణ్ని. ఊరి ముచ్చట్లు, పొలం ముచ్చట్లు. చెరుకు తీసేసి వరి వేశాక బాపుకు పొలం కొత్తగా అనిపించేది. అదీ ఇదీ చెప్తుండేవాడు.

2023లో ఫ్లాట్ కొందామనుకున్నాను. డౌన్ పేమెంట్‌కు డబ్బు తక్కువైంది. కాలువ పక్కనున్న ఎకరం అమ్ముదామని అన్నాను, అదీ ఫోన్‌లో, ఆఫీసు లంచ్ బ్రేక్‌లో, మామూలు విషయంలాగా. అవతల చాలాసేపు చప్పుడు లేదు. తర్వాత, "చెరుకు పాయె. ఇగ నేలనన్న ఉండనియ్యవా?" అని పెట్టేశాడు.

ఆయన నోట్లో నుంచి వచ్చిన ఆ మాట వెనకాల ఎన్నేళ్ల కరెంటు పారిందో నేను ఆలోచించలేదు. అదే ప్రశ్న పక్కింటాయనను అడిగితే ఇంకోలా జవాబిచ్చేవాడేమో. బాపు మాత్రం ఫ్యాక్టరీ గేటు మూసినప్పటి జ్ఞాపకంలో నుంచి జవాబిచ్చాడు. నేనేమో నెలనెలా అద్దె కట్టే జ్ఞాపకంలో నుంచి అడిగాను. ఒకే ఇంట్లోవాళ్లం, ఆ నిమిషానికి వేర్వేరు రూల్స్.

తర్వాత ఫోన్లు పలచబడ్డాయి. వారానికోసారి, ఆదివారం, అది కూడా అమ్మకు. ఆమె ఫోన్ ఆయనకిస్తే, "ఎట్లున్నవ్ బాపూ?" "మంచిగనే ఉన్న. నువ్వు?" "మంచిగనే ఉన్న." అంతే. నా లెక్క ప్రకారం నేను కొడుకు డ్యూటీ చేస్తున్నట్టే. క్యాలెండర్‌లో ఆదివారాలు అన్నీ టిక్ అయ్యాయి.

2024 ఏప్రిల్, యాసంగి వరి కోతలు. బాపుకు అప్పటికి ఆరేళ్ల నుంచి షుగర్. చక్కెర ఊరోళ్లకు షుగర్ వచ్చిందని ఆయనే జోక్ వేసుకునేవాడు. గట్టు మీద చెప్పుల్లేకుండా నడిచాడు. ఎడమ కాలి చిటికెన వేలి దగ్గర ఏదో గీసుకుంది. షుగర్ ఉన్నవాళ్లకు కాళ్లల్లో నరాలు మొద్దుబారితే నొప్పి తెలియదు. ఆయనకూ తెలియలేదు. తెలిశాక అమ్మ పసుపు పెట్టి గుడ్డ కట్టింది. "పిలగానికి చెప్పకు, లీవు పెట్టుకుని ఉరికొస్తడు" అన్నాడట. మూడు ఆదివారాలు గడిచాయి. మూడుసార్లూ "మంచిగనే ఉన్న."

నాలుగో వారం మధ్యలో అమ్మ ఏడుస్తూ ఫోన్ చేసింది. నిజామాబాద్‌లో ఆసుపత్రికి తీసుకొచ్చేసరికి వేలు నల్లబడింది. తీసెయ్యక తప్పలేదు. డాక్టరమ్మ నన్ను పక్కకు పిలిచి నెమ్మదిగా చెప్పింది, "పది రోజుల ముందు చూపించి ఉంటే బాగుండేది."

పది రోజులు. అంటే మధ్యలో ఒక ఆదివారం ఫోన్ ఉంది.

ఆ రాత్రి ఆసుపత్రి వరండాలో కూర్చుని, ఐదేళ్ల తర్వాత నా ప్రాజెక్టు గుర్తుకొచ్చింది. నేను ఇంపల్స్ ఇస్తున్నాననుకున్నాను. ఇవ్వలేదు. ఇంపల్స్ అంటే ముందు తేడా కొలవాలి, తర్వాత దానికి తగ్గట్టు కదలాలి. నేను కొలవనే లేదు. "మంచిగనే ఉన్న" అనేది కొలత ఎట్లా అవుతుంది? పైగా షుగర్ పుండు పెరిగే వేగానికి వారం అనే గడువు చాలా దూరం. ఎండకాలం వచ్చింది, నేను మాత్రం వానకాలం గడువు మీదే ఉన్నాను.

ఎక్కువ తోసినా ఇబ్బందే

ఆ తర్వాత నేను చేసిన పని ఇంకో తప్పు.

వేలు గాయం మానగానే బాపును హైదరాబాద్ తీసుకొచ్చాను. షుగర్ చూసే మెషిన్ కొన్నాను. డైట్ చార్ట్ ప్రింట్ తీసి ఫ్రిజ్ మీద అంటించాను. చాయ్‌లో చక్కెర బంద్, తెల్లన్నం సగం, పొద్దున అరగంట నడక, యాప్‌లో అంకెలు. ఆఫీసు నుంచి మూడుసార్లు ఫోన్: తిన్నావా, వేసుకున్నావా, నడిచావా? తినకపోతే అరిచాను. పదకొండో రోజు సాయంత్రం ఇంటికొచ్చేసరికి బాపు లేడు. జూబ్లీ బస్‌స్టేషన్ నుంచి బస్సెక్కి బోధన్ వెళ్లిపోయాడు. ఫోన్ చేస్తే, "ఇంటికొచ్చిన" అని ఒక్క ముక్క. ఎకరం గొడవ తర్వాత ఉన్నంత దూరం మళ్లీ వచ్చేసింది, కాకపోతే ఈసారి ఇంకో వైపు నుంచి.

దీనికి కూడా లెక్క ఉంది. తేడా 10 ఉందనుకోండి. సరిగ్గా 10 సరిచేస్తే సున్నా. 15 సరిచేస్తే అవతలి వైపు 5, ఇదీ పర్లేదు. 20 సరిచేస్తే అవతలి వైపు 10, చేసి లాభం లేదు. 25 సరిచేస్తే అవతలి వైపు 15. మొదట ఉన్నదానికంటే ఎక్కువ! అంటే సరిదిద్దడం తేడాకు రెండింతలు దాటితే, సరిదిద్దిన ప్రతిసారీ దూరం పెరుగుతుంది. నెలలు నెలలు కొలవకుండా ఉండి, ఒక్కసారి వచ్చి అంతా మార్చేద్దామనుకునే కొడుకులు, బిడ్డలు చేసేది ఇదే. పండక్కి రెండు రోజులు ఇంటికొచ్చి, వంటింటి డబ్బాల నుంచి బ్యాంకు పాస్‌బుక్కుల దాకా సర్దేసి, అందరికీ క్లాసు పీకి వెళ్లిపోయేవాళ్లు మీకూ తెలిసే ఉంటారు. మీరు కూడా కావచ్చు. నేనైతే అదే.

వారం తర్వాత ఊరికి పోయాను. ఏమీ తీసుకెళ్లలేదు. బాపు పక్కన మంచం మీద కూర్చుని, "బాపూ, తడి ఎన్ని రోజులకోసారి పెట్టాలె?" అని అడిగాను. మొదట అర్థం కాలేదు. తర్వాత నవ్వాడు. వేలు పోయాక ఆయన నవ్వడం అదే మొదటిసారి.

ఇద్దరం ఒప్పుకున్నది ఇది. రోజూ రాత్రి తొమ్మిదింటికి వీడియో కాల్. రెండే నిమిషాలు. "ఎట్లున్నవ్" అని అడగడం లేదు. "కాళ్లు చూపియ్" అంటాను. రెండు అరికాళ్లూ, వేళ్ల సందులూ కెమెరా ముందు పెడతాడు. అమ్మ ఫోన్ పట్టుకుంటుంది. షుగర్ అంకె ఒకటి చెప్తాడు. తేడా ఉంటే ఒక్క మాట చెప్తాను, ఒక్కటే. చాయ్‌లో అర చెంచా సంగతి ఆయనిష్టం. అది నేను మాట్లాడను. బదులుగా ఆయనా నన్ను ఒకటి అడుగుతాడు, "ఇయ్యాల ఎన్ని గంటలకు తిన్నవ్?" నేను కూడా నిజం చెప్పాలి. నెలకు రెండు శనివారాలు ఇంటికి పోతాను.

ఈ మధ్య అర్థమైన విషయం ఒకటుంది. ప్రాజెక్టులో డ్రైవ్ ఎవరు, రెస్పాన్స్ ఎవరు అనేది మొదటి లైన్‌లోనే రాసుకుంటాం. సరిచేసుకోవాల్సింది ఎప్పుడూ రెస్పాన్సే. ఇంట్లో నేను డ్రైవ్ అని నాకు నేనే రాసేసుకున్నాను, జీతం నాది కాబట్టి. కానీ రాత్రి పదకొండింటికి తినే నేను, ఇప్పుడు తొమ్మిది లోపలే తింటున్నాను. ఎందుకంటే తొమ్మిదింటికి అడుగుతాడు. సరిచేసుకోవడం రెండు వైపులా జరుగుతోంది.

గత ఆగస్టులో ఒకరోజు కాలి మడమ పక్కన చిన్న బొబ్బ కనబడింది. బాపుకు తెలియదు, అమ్మకూ తెలియదు. స్క్రీన్ మీద నాకు కనబడింది. తెల్లారి నిజామాబాద్ పోయి డాక్టరమ్మకు చూపించారు. కట్టు కట్టి మందు రాసి పంపింది. పది రోజుల్లో మానిపోయింది.

ఎకరం సంగతి మాత్రం తేలలేదు. నేను ఇంకా అద్దె ఇంట్లోనే ఉన్నాను. ఆ మాట వచ్చినప్పుడల్లా ఆయన గొంతు మారుతుంది, నా గొంతూ మారుతుంది. ఆయన జ్ఞాపకం ఆయనది, నాది నాది. ఆ గీత సున్నాకు రాదని ఇద్దరికీ తెలుసు. కానీ ఒక హద్దు దాటి పోవట్లేదు. గొడవైన రోజు కూడా తొమ్మిదింటికి కాళ్లు చూపిస్తాడు. ముఖం చూపించడు, కాళ్లు మాత్రం చూపిస్తాడు! ఆ రోజు ఎగ్జామినర్‌కు "బగ్ ఉన్నట్టుంది సార్" అన్నందుకు ఇప్పుడు నవ్వొస్తుంది.

మీలో చాలామంది ఈ వ్యాసాన్ని ఇంటికి దూరంగా, ఏ హాస్టల్ గదిలోనో మెట్రోలోనో చదువుతుంటారు. రోజూ ఫోన్ చెయ్యమని నేను చెప్పను. వానకాలంలో ఉన్న ఇళ్లకు వారం చాలు. ఒకసారి మీ ఇంట్లో ఏ కాలం నడుస్తోందో చూసుకోండి. కొత్తగా మందులు మొదలైనా, అప్పు తెచ్చినా, నాయినమ్మ పోయి తాత ఒంటరైనా, అది ఎండకాలమే. గడువు దగ్గర చేసుకోండి. చేసినప్పుడు "ఎట్లున్నరు" అని కాకుండా, జవాబు దాచలేని ప్రశ్న ఒకటి అడగండి.

మొన్న శనివారం ఇంట్లో ఉన్నప్పుడు గడియారం వైపు చూశాను. సరైన టైమే చూపిస్తోంది. "రిపేరు చేయించినవా?" అని అడిగాను.

"రిపేరు ఎందుకురా" అన్నాడు బాపు. "రోజూ నీ ఫోన్ వస్తది కద. ఫోన్ మోగిందంటే తొమ్మిది. ఎనిమిది నిమిషాలు ముందుకు జరుపుత."